ఇల్లు అమ్మే ముందు చేయించిన చిల్లర మరమ్మతులు: నా అనుభవం

నాన్న 1989లో కట్టించిన డాబా ఇంటిని 2025 ఆగస్టులో అమ్మేశాం. పి.గన్నవరం దగ్గర ఊరు, వీధి చివర నిలబడితే గోదావరి గట్టు కనిపిస్తుంది. నాన్న 2023లో పోయాక అమ్మ నాతో హైదరాబాద్ వచ్చేసింది, ఇంటికి తాళం పడింది. కోనసీమలో తాళం వేసిన ఇల్లు రెండు వానాకాలాలకే ఎలా తయారవుతుందో ఆ పక్క వాళ్లకి చెప్పక్కర్లేదు.

2025 సంక్రాంతికి వెళ్లినప్పుడు పక్క ఊరాయన ఒకరు ఇల్లు చూడ్డానికి వచ్చారు. గోడలు వేళ్లతో తట్టారు, మేడెక్కి దిగారు. "కూల్చి కట్టుకోవాల్సిందేనండి. స్థలం ధర ఇస్తాం" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు గానీ ఆ పూట అన్నం సరిగా తినలేదు. చెల్లి, నేను అప్పుడే ఒక మాట అనుకున్నాం. లక్ష లోపల, అప్పు చేయకుండా ఏం బాగవుతుందో అది బాగు చేయించి, అప్పుడు అమ్మకానికి పెడదామని.

బాబాయి అదే వీధిలో ఉంటారు, తాళాలు ఆయన దగ్గరే. ఫిబ్రవరిలో అమలాపురం నుంచి ఒక కాంట్రాక్టరును పిలిపించారు. ఆయన ఇంట్లో ఉన్నది పది నిమిషాలు. శ్లాబు మొత్తానికి వాటర్‌ప్రూఫింగ్ ఎనభై ఐదు వేలు, లోపలా బయటా లప్పం పెట్టి రంగులు వేయడానికి లక్షా పది వేలు, మిగతావి తర్వాత చూద్దామన్నారు. ఫోన్లో ఆ అంకెలు విని నాకు టెన్షన్ వచ్చేసింది. బాబాయి మాత్రం తాపీగా, "అమ్మాయ్, వీళ్లు మనకి సరిపోరు. మన మేస్త్రిని అడుగుదాం" అన్నారు.

మన మేస్త్రి అంటే, ఈ ఇల్లు కట్టేటప్పుడు ఇసుక తట్టలు మోసిన కుర్రాడు. ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డారు. మార్చి రెండో వారంలో నేను సెలవు పెట్టి వెళ్లినప్పుడు ఇల్లంతా తిరిగి చూసి ఆయన అన్న మొదటి మాట: "ముందు చీపురు పని ఉందండి అమ్మాయిగారూ. తాపీ పని తర్వాత."

నిజంగానే మేడ మీద కొబ్బరి మట్టలు, ఎండాకులు, కాకులు తెచ్చి పడేసిన ఎముకలు జానెడు మందాన పేరుకున్నాయి. వాన నీళ్లు పోయే గొట్టాలు రెండూ మట్టితో పూడిపోయి, ఒక దాంట్లో రావి మొక్క మొలిచింది. ఇద్దరు మనుషులు ఒక పూటంతా ఊడ్చారు. చెట్ల మీది ఎండు మట్టలు, దొడ్లో చెత్త కూడా వాళ్లే తీశారు. అన్నిటికీ కలిపి 1,800.

ఆ తర్వాత మేస్త్రి చేసిన పనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. గొట్టాల మూతులకి గోనెపట్టా కుక్కి, మేడ మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, రాత్రంతా వదిలేశారు. తెల్లారి టార్చిలైటు పట్టుకుని గదిగదీ తిరిగి కప్పు చూశాం. శ్లాబు మధ్యలో ఎక్కడా తడి లేదు. పడమటి పిట్టగోడ మొదట్లో, గొట్టం మూతి దగ్గర మాత్రమే నీరు దిగింది. పడమటి వైపే ఎందుకో బాబాయి చెప్పారు. 1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్టు విరిగి ఆ పిట్టగోడ మీద పడింది. గోడ మళ్లీ కట్టారు గానీ శ్లాబుతో కలిసే చోట అతుకు సరిగ్గా కుదరలేదు. ఇన్నేళ్లూ నీరు అక్కడి నుంచే దిగుతోంది. ఆ అతుకంతా గాడిలా చెక్కి, పగుళ్లు పూడ్చే పౌడరు నింపి, గోడ మొదట్లో నీరు నిలవకుండా ఏటవాలుగా సిమెంటు పట్టీ తీశారు. గొట్టం మూతి మార్చారు. కింద గదిలో ఊడిన పెచ్చుల దగ్గర తుప్పు పట్టిన చువ్వల్ని ఇనుప బ్రష్షుతో గీకి, తుప్పు మందు రాసి, పైన మాలు పట్టించారు. అన్నీ కలిపి 7,200. ఎనభై ఐదు వేల పని ఏడు వేలకు తేలిపోయేసరికి నాకు నమ్మకం కుదరలేదు, వానలొచ్చేదాకా చూద్దామని ఊరుకున్నాను.

ఇసుక సంగతి కూడా చెప్పాలి. ఇంత చిన్న పనికి ట్రాక్టరు ఇసుక ఎవరూ తోలరు, తోలినా సగం దొడ్లోనే మిగిలిపోతుంది. రెండిళ్ల అవతల కొత్త ఇల్లు కడుతుంటే బాబాయి వాళ్లనడిగి బస్తాల్లో కొనిపించారు. సిమెంటు కూడా ఏ వారానికి కావలసినంత ఆ వారమే తెప్పించాం. ముందే తెచ్చి మూల పడేస్తే మా గాలి తేమకి బస్తాలోనే గడ్డకట్టేస్తుంది.

అసలు కష్టమంతా గోడలది. 2022 జూలై వరదకి మా దగ్గర గట్టు తెగలేదు. గోదావరి ఎత్తుగా ఉన్నన్నాళ్లూ గట్టు కింది తూములు మూసే ఉంటాయి కాబట్టి ఊళ్లో పడ్డ వాన బయటికి పోయే దారి లేదు, గట్టు కింద నుంచి ఊట నీరు వేరే. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు వారం దాటి నిలిచాయి. ఇంట్లోకి జానెడు వచ్చాయి. బయటి గోడల మీద ఆ మరక గీత గీసినట్టు ఇప్పటికీ ఉంది. లోపలేమో నడుమెత్తు దాకా రంగు పొక్కిపోయి, తెల్లగా ఉప్పు తేలి, చెయ్యి పెడితే పొడి రాలుతోంది.

నేను వెంటనే గీకించి రంగు వేయించేద్దామన్నాను. మేస్త్రి వద్దన్నారు. "వెనక బోదె కాలువలో నీళ్లున్నంత కాలం ఈ గోడ ఆరదండి. కాలువలు కట్టేశాక మొదలెడదాం." ఏటా రబీ అయ్యాక ఏప్రిల్లో కాలువలకి నీళ్లు ఆపేస్తారు కదా, దాని కోసం కాచుక్కూర్చోవాలన్న మాట. మధ్యలో నేను హైదరాబాద్ వచ్చేశాను. ఉగాది వెళ్లింది, శ్రీరామనవమి వెళ్లింది. పని ఆగిపోయిందని చెల్లి వైజాగ్ నుంచి రోజూ ఫోన్. ఎండలు వృథాగా పోతున్నాయని నాకూ గాబరాగానే ఉండేది.

ఈలోగా బాబాయి ఒక మంచి పని చేయించారు. గోడ చుట్టూ మట్టి తీయించారు. ఏళ్ల తరబడి కొబ్బరి పాదుల మట్టి, వరద వండ్రు, వీధిలో రోడ్డు వేసినప్పుడు మిగిలిన కంకర అంతా గోడ వారనే చేరి, అరుగు మెట్లలో ఒకటి పూర్తిగా పూడిపోయింది. ఆ మట్టి తీసి చెట్ల మొదళ్లలో వేయించి, గోడ నుంచి దొడ్డి వైపు వాటం వచ్చేలా చిన్న కాలవ తీయించారు, 3,600 అయింది. పూడిన మెట్టు బయటపడ్డాక ఇల్లు కాస్త ఎత్తు పెరిగినట్టు కనిపించింది. సిమెంటు రోడ్డు పొర మీద పొర వేసి మా గుమ్మానికి సమంగా తెచ్చేశారు, దాన్ని మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. కొనడానికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు అదే చూశారు.

కాలువలు కట్టాక, ఏప్రిల్ చివరి వారంలో, నడుమెత్తు దాకా పాత ప్లాస్టరింగు మొత్తం ఇటుక కనిపించేలా కొట్టించారు. ఆ రోజు వీడియో కాల్లో చూసి అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఇటుకల్ని అలాగే వదిలేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, మే మూడో వారం దాకా ఎండకీ గాలికీ ఆరబెట్టారు. రాత్రిళ్లు బాబాయి కొడుకు అక్కడే పడుకున్నాడు పాపం. ఉప్పు తేలినప్పుడల్లా పొడి బ్రష్షుతో దులిపేవాడు. నీళ్లతో కడగొద్దని మేస్త్రి గట్టిగా చెప్పారు, కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుందట. ఆ తర్వాత సున్నం, ఇసుక కలిపి, పట్టు కోసం కాస్త సిమెంటు వేసి పూశారు. ఉత్త సిమెంటు గట్టిగా పూస్తే చెమ్మ బయటికి పోలేక ఇంకా పైకి పాకుతుందని ఆయన వాదన. మా ఎదురింటి వాళ్లు సిమెంటు పూసి టైల్స్ అంటించారు, వాళ్లకి టైల్స్ పైన ఛాతీ ఎత్తులో ఉప్పు తేలింది. అది కళ్లారా చూశాక నేను మారు మాట్లాడలేదు. పైన లప్పం లేదు, ప్లాస్టిక్ పెయింటు లేదు, రెండు పూతలు గుల్ల సున్నం. గోడలకి మొత్తం 14,500, అందులో కూలీయే పదివేల పైన. మేస్త్రికి రోజుకి వెయ్యి, పక్కన చేసే మనిషికి ఏడొందలు.

రంగుల దగ్గర ఇంట్లో గొడవైంది. చెల్లికి ఇల్లంతా మెరిసిపోవాలి. బాబాయి ఒప్పుకోలేదు. "వరద వచ్చిన ఊళ్లో కిందా పైనా కొత్త రంగు కొడితే, ఏదో దాస్తున్నారనే అనుకుంటారమ్మా. ఆ మరక అందరికీ తెలిసిందే, ఉండనీ" అన్నారు. చివరికి ముందు వరండా, హాలు, వీధి గది, కిటికీ ఊచలు, గేటు, వీటికే రంగు. అవి 16,300. దక్షిణం వైపు బయటి గోడ, వెనక కొట్టుగది ముట్టుకోలేదు. కొట్టుగది వదిలేయడానికి ఇంకో కారణం ఉంది, తలుపు వెనక నాన్న పెన్సిలుతో రాసుకున్న కొబ్బరికాయల దింపుల లెక్క ఉంది. ఏ నెల దింపు, ఎన్ని కాయలు, వలుపు కూలి ఎంత, అంబాజీపేటలో ఏ ధర పలికింది, పద్దెనిమిదేళ్ల లెక్క.

తలుపుల పని వడ్రంగి ఒక్కరే వచ్చి చేశారు. దొడ్డి తలుపు అడుగు చెదలు తినేస్తే అడుగున్నర ముక్క కోసి కొత్త చెక్క అతికారు, ద్వారబంధానికి రంధ్రాలు చేసి చెదల మందు పట్టించారు. మిగతా తలుపులన్నీ వేసవి కదా, వదులుగా తేలిగ్గా పడుతున్నాయి. ఆయన మాత్రం గొళ్లేల వైపు చిత్రిక పట్టి ఇంకా సందు చేశారు. ఎందుకండీ అంటే, "వానలకి చెక్క ఉబ్బుద్దండి. జూలైలో కదండీ కొనేవాళ్లు మళ్లీ చూసుకునేది" అన్నారు. 6,500.

కరెంటు పనిలో విరిగిన స్విచ్చులు, బోర్డు మూతలు, వరండాలో రెండు లైట్లు, కొత్త ఎర్తింగ్, 5,400. బోరు మోటారు పట్టేసింది. కొత్తది పన్నెండు వేలన్నారు గానీ, ఊళ్లో మెకానిక్కు కుర్రాడు వెనక మూత విప్పి ఫ్యాను చేత్తో తిప్పి, కెపాసిటర్ మార్చి తొమ్మిది వందలతో తిప్పేశాడు. మొదట ఎర్రనీళ్లు వచ్చాయి. అరగంట వదిలేస్తే తేటబడ్డాయి. బాత్రూములో కారే కొళాయిలు, కొత్త పీవీసీ తలుపు, బండల సందుల్లో వైట్ సిమెంటు, యాసిడ్ కడుగుడు, 4,800. వంటింటి గట్టు పగిలింది, హాల్లో మొజాయిక్ మధ్యలో నెర్రె ఇచ్చింది. అవి వదిలేశాం, వాటికి దిగితే అంతే లేదు.

మే ఆఖర్లో చూపించడం మొదలుపెట్టాం. ఇద్దరు ముగ్గురు వచ్చి వెళ్లారు, ఫోన్ చేస్తామన్న వాళ్లు చేయలేదు. జూన్ మొదటి వారంలో రాజోలు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆవిడ భర్త కువైట్లో డ్రైవరు, అక్కడి నుంచే వీడియో కాల్లో చూస్తున్నారు. ఆవిడ, వాళ్ల నాన్నగారు, వెంట ఒక సిద్ధాంతి గారు.

కొత్త రంగు వేసిన హాలు వైపు ఎవరూ చూడలేదు. ఆవిడ తిన్నగా దక్షిణం గోడ దగ్గరికి వెళ్లి, మరక మీద వేలు పెట్టి, "ఇరవై రెండులో ఇంతవరకేనా అండి? లోపలికి ఎంతొచ్చింది?" అని అడిగారు. జానెడు అని బాబాయి చెప్పారు. వాళ్ల నాన్నగారు పక్కింటి గోడ మీది మరక కూడా చూసి, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయని తలూపారు. మా గోడకి రంగు వేసి ఉంటే పక్కింటి మరక మమ్మల్ని పట్టిచ్చేది! అక్కడి నుంచి మేడెక్కి గొట్టాల్లో బకెట్టు నీళ్లు పోయించి చూశారు. కింద గోడలు అరచేత్తో నిమిరారు.

తర్వాత మోటారు వేయమన్నారు. ఆవిడ దోసిట్లో పట్టి తాగి, కాసేపు ఆలోచించి, మా పిన్నిని అడిగారు: "ఈ నీళ్లకి కందిపప్పు ఉడుకుద్దా అండి?" పిన్ని ఆ మధ్యాహ్నం బోరు నీళ్లతో వండిన పప్పే అందరికీ పెట్టింది. మా పక్క నాలుగు వీధులు దాటితే బోరు ఉప్పగా ఉంటుంది, అందుకే ఆ ప్రశ్న. ఆ పూట జరిగిన బేరంలో పప్పు వాటా ఎంతో చెప్పలేను గానీ, తక్కువ కాదని నా నమ్మకం.

సిద్ధాంతి గారు టేపు పెట్టి కొలిచారు. ఈశాన్యంలో బట్టలుతికే బండ ఉండకూడదన్నారు. ఇద్దరు మనుషులు గడ్డపలుగులతో దాన్ని అప్పుడే వాయవ్యానికి దొర్లించేశారు. మూడు నెలలు పడ్డ పాట్లన్నిటిలోకీ మేం పావుగంటలో ముగించింది అదొక్కటే. వాళ్ల నాన్నగారు కొట్టుగదిలోకి వెళ్లి ఎంతసేపటికీ రాలేదు. వెళ్లి చూస్తే తలుపు వెనక్కి తిప్పి, కళ్లజోడు పెట్టుకుని దింపుల లెక్క చదువుతున్నారు. "చెట్టుకి కాపు బాగానే ఉందండి" అన్నారు బయటికి వచ్చి. ఏప్రిల్లో తీయించిన దింపుకి మాకు మూడు వేల చిల్లర వచ్చింది, కాయ ధర బాగున్న వేసవి. ఆ కాగితం కూడా చూపించాం.

బేరం రెండు రోజులు సాగింది. మధ్యలో ఉండి కుదిర్చినాయన కమీషన్ కూడా అప్పుడే తేల్చుకున్నారు. రోడ్డు ఎత్తు, పగిలిన మొజాయిక్, వరద మరక, మూడింటికీ కలిపి కొంత తగ్గించమన్నారు, తగ్గించాం. అయినా సంక్రాంతికి ఆ పక్క ఊరాయన అన్న ధర కంటే మూడున్నర లక్షలు ఎక్కువ. అంతా మరమ్మతుల వల్లేనని నేననను, కువైట్ డబ్బుకి సొంత ఇంటి తొందర కూడా ఉంటుంది. మరమ్మతుల మొత్తం ఖర్చు 61 వేలు. అందులో నీళ్లు ఆపడానికి, నీళ్లు పోవడానికి, నీళ్లు రావడానికి పెట్టిన డబ్బు ప్రతిదీ ఎవరో ఒకరు తడిమి చూసుకున్నారు. రంగుల పదహారు వేల గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు.

మూఢం మొదలవబోతోందని గబగబా అగ్రిమెంటు రాసుకుని బయానా ఇచ్చారు. మూఢం తర్వాత ఆషాఢం, ఇక శ్రావణం దాకా రిజిస్ట్రేషన్ లేదు. ఈ రెండు నెలలు మాకు కాగితాలకి సరిపోయాయి, నిజానికి అవి మరమ్మతుల కంటే ముందే మొదలుపెట్టాల్సిన పని. ఇల్లు నాన్న పేరు మీదే ఉంది కాబట్టి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం), పాత ఇంటి పన్ను బకాయిలు, అమ్మతో పాటు మా ఇద్దరి సంతకాలు. జూలై వానల్లో కొనేవాళ్లు చెప్పకుండా ఒకసారి వచ్చి ఇల్లు చూసుకున్నారట. ఆ కబురు తెలిసి నాకు ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం బాబాయి ఫోన్ చేసి చెప్పారు, పిట్టగోడ కింద పొడిగా ఉందని, వీధి గది గోడకి ఒక మూల మాత్రం అరచేతి మేర చెమ్మ కనిపించిందని, తలుపులన్నీ హాయిగా పడుతున్నాయని. చెమ్మ గురించి వాళ్లు ఏమీ అనలేదు.

ఆగస్టులో రిజిస్ట్రేషన్ రోజు సర్వర్ పనిచేయక సాయంత్రం దాకా కూర్చున్నాం. అమ్మ, ఆవిడ పక్కపక్కనే కూర్చుని ఏ చెట్టు కాయ పచ్చడికి, ఏది బొండానికి అని మాట్లాడుకుంటూ ఉన్నారు. రుబ్బురోలు మేం తెచ్చుకుందామనుకున్నాం గానీ ఆవిడ అడిగితే అమ్మ ఇచ్చేసింది.

హైదరాబాద్ వచ్చాక బిల్లులన్నీ పట్టుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్తే, రంగులు, చిల్లర రిపేర్లు పన్ను లెక్కలో ఖర్చు కిందికి రావని చెప్పారు. మధ్యవర్తికి ఇచ్చిన కమీషన్ వస్తుంది, దానికి మేం రసీదు తీసుకోలేదు. ఇప్పుడు బాబాయి దాని కోసం ఆయన చుట్టూ తిరుగుతున్నారు. కరెంటు మీటరు ఇంకా నాన్న పేరు మీదే ఉంది, బిల్లు మెసేజ్ ప్రతి నెలా అమ్మ ఫోన్‌కే వస్తోంది. పేరు మార్పు దసరా తర్వాత పెట్టుకుంటామని వాళ్లు అన్నారు.